నడకకూ ఒక పద్ధతుంది

యోగా శిబిరం టైమ్‌టేబుల్లో నడకకు దక్కే చోటు చిన్నది. తెల్లవారుజామున ప్రాణాయామం, తర్వాత ఆసనాలు, సాయంత్రం ధ్యానం. మధ్యలో ఖాళీ మిగిలితే పొలాల్లోకి ఒక షికారు. ఫోన్లు జేబుల్లోంచి బయటికొచ్చేది కూడా అప్పుడే. 2025 జూన్ 21న విశాఖ తీరంలో లక్షల మంది యోగా చేశాక, యోగా అంటే చాప పరుచుకోవడమే అన్న అభిప్రాయం జనంలో ఇంకా గట్టిపడింది. మిగతాచోట్ల ఏమోగానీ, మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు శిబిరాలు పెట్టేవాళ్లు నడకను అలా తీసిపారేస్తే నాకు కష్టంగా ఉంటుంది. ఇక్కడ నడక రెండువేల ఏళ్ల నాటి సాధన.

దొనకొండ దగ్గర చందవరానికి వెళ్లండి. గుండ్లకమ్మ ఒడ్డున, సింగరకొండ మీద బౌద్ధ మహాస్తూపం ఉంది. 1964లో వెలుగులోకి వచ్చింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దికీ క్రీస్తుశకం రెండో శతాబ్దికీ నడుమ కట్టిందని చెబుతారు. కాశీకీ కంచికీ మధ్య నడిచే భిక్షువులకు ఇది మజిలీ అట. ఆ భిక్షువులకు కూర్చుని చేసే ధ్యానం ఎంతో, చంక్రమణమూ అంతే. ఒక కొలత దారి పెట్టుకుని ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ నడవడమే చంక్రమణం. దీనివల్ల ఐదు లాభాలని అంగుత్తర నికాయం చెబుతుంది. దూరాలు నడిచే ఓపిక, సాధన చేసే ఓపిక, ఆరోగ్యం, తిన్నది అరగడం, ఈ నాలుగూ ఏ డాక్టరైనా చెప్పేవే. ఐదోది అసలైనది: నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. నిజమే మరి. కళ్లు మూసుకుని తెచ్చుకున్న నిమ్మళం కళ్లు తెరవగానే సగం పోతుంది. ట్రాక్టరు చప్పుడూ గొర్రెల మందా మధ్య, కళ్లు తెరిచే కుదుర్చుకున్నదానికి ఆ బెడద తక్కువ.

ఇక పద్ధతి. బుద్ధఘోషుడి విశుద్ధిమార్గం ఒక్క అడుగును ఆరు ముక్కలు చేస్తుంది: పాదం లేవడం, ముందుకు సాగడం, పక్కకు జరగడం, దిగడం, ఆనడం, నొక్కుకోవడం. కొత్తవాళ్లకు లేవడం, సాగడం, ఆనడం చాలు. చూపు నాలుగైదు అడుగుల ముందు నేల మీద ఉండాలి. చేతులు ఊపకుండా ముందో వెనకో కట్టుకోవాలి. దారి చివర ఆగి, ఒక ఊపిరి తీసి వదిలి, అప్పుడు మళ్లాలి. మనసు జారిపోయేది సరిగ్గా ఆ మలుపులోనే.

మార్కాపురం పలక గనుల పక్క బాటలు దీనికి మంచి బడి. నేలంతా పలకరాయి పెచ్చులు. సన్నటి పెచ్చు మీద కాలు మోపితే అది కిందిదాని మీద జరిగి కిర్రుమంటుంది. బరువు మడమ నుంచి వేళ్లకు ఎప్పుడు మారిందో ఆ చప్పుడే చెప్పేస్తుంది. పరధ్యానంగా వేస్తే జారుతుంది. చెప్పులు మాత్రం విడవొద్దు, పెచ్చు అంచు కోస్తుంది.

గుడి ప్రదక్షిణకూ పెద్దలు ఒక కొలత పెట్టారు: నిండు చూలాలు నూనె కుండ మోస్తూ నడిచినంత నిదానంగా తిరగమన్నారు. నూటెనిమిది లెక్క పూర్తి చేయాలని పరుగులు తీసేవాళ్లకు ఈ మాట ఎవరు చెప్పాలో! శ్రీశైలం కాలినడకది ఇంకో తీరు. శ్రీశైలానికి తూర్పు ద్వారం మన త్రిపురాంతకమే. అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి పద్నాలుగో శతాబ్దిలో శ్రీశైలానికి మెట్లు కట్టించాడు. ఉగాదికి కన్నడ భక్తులు నల్లమల దాటి ఇప్పటికీ నడిచే వస్తారు. ఈ నడకలో దృష్టి పాదం మీద కాదు, నామం మీద. నామాన్ని అడుగుకు ముడేస్తే ఊపిరి దానంతటదే దారిన పడుతుంది. పొద్దస్తమానం నడిచేవాళ్లకు ఇదే సుఖం. చంక్రమణం అంతసేపు సాగదు.

శిబిరానికి ఒక్క చోటే ఎంచుకోమంటే నేను కంభం చెరువు కట్ట అంటాను. గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల సందు మూసి కట్టిన పాతకాలపు కట్ట ఇది. గజపతుల ఆడపడుచు, రాయలవారి భార్య వరదరాజమ్మ కట్టించిందని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంస్థ దీన్ని వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఈ చివర ఒక కొండ, ఆ చివర ఒక కొండ. ఎక్కడ ఆగాలో, ఎక్కడ మళ్లాలో వేరే గుర్తు అక్కర్లేదు.

ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లకు కీళ్లు బిగుసుకుపోయినవాళ్లు ఈ పల్లెల్లో ఉన్నారు. నడిస్తే అన్నీ తగ్గుతాయని వాళ్లకు ఉపన్యాసాలు ఇవ్వొద్దు, కూర్చునే చేసేది నేర్పండి. కార్తీకం నుంచి మాఘం దాకా ఉదయం ఎప్పుడైనా నడవొచ్చు; ఎండాకాలం మాత్రం ఎనిమిదిలోపే ముగించాలి. అటవీశాఖను అడగకుండా నల్లమల లోపలికి వెళ్లొద్దు. అది పులుల అభయారణ్యం, నాలుగడుగుల ముందు నేల మీద చూపు నిలిపే పద్ధతి అక్కడ పనికిరాదు.