సభ వాడలో, అంటరానితనం ఊళ్లో
జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో హక్కుల కమిటీల మీద ఒక విమర్శ

నెలాఖరు వచ్చిందంటే మండలంలో ఏదో ఒక ఊళ్లో పౌర హక్కుల దినం జరుగుతుంది. తహసీల్దారు వస్తాడు, ఎస్సై వస్తాడు, సర్పంచ్ వస్తాడు. నాలుగు కుర్చీలు, ఒక బ్యానరు, దాని మీద అంబేద్కర్ బొమ్మ. కుల వివక్ష నేరమని, అందరూ కలిసిమెలిసి ఉండాలని, పిల్లల్ని బడికి పంపాలని, తాగుడు మానాలని చెప్తారు. ఫొటో దిగుతారు. రిజిస్టరులో సంతకాలు తీసుకుంటారు. ఇంతకూ ఈ సభ ఎక్కడ జరుగుతుంది? మేము చూసినంత మేరకు ఎక్కువసార్లు మాదిగ వాడలోనో మాల వాడలోనో, అక్కడి కమ్యూనిటీ హాలు ముందటనో జరుగుతుంది. ఊరి నడిమిట్ల, గుడి ముందట, హోటలు ముందట జరగదు. అంటరానితనం పాటించేది ఊరు. పాఠం వినాల్సింది మాత్రం వాడ!

వివక్షకు గురైనవాళ్లకు వివక్ష గురించి ‘అవగాహన’ కల్పించడం ఏమిటి? గుళ్లోకి రానియ్యని సంగతి, హోటల్లో వేరే గ్లాసు ఇచ్చే సంగతి, బతుకమ్మ ఆడే కాడ దూరం నిలబెట్టే సంగతి వాడకు ఒకరు చెప్పనక్కర్లేదు. తెలిసీ తెలియనట్టు నటించేది ఊరు. సమస్యను అజ్ఞానంగా చూపెడితే దానికి మందు ఉపన్యాసం అవుతుంది. నేరంగా చూస్తే మందు కేసు అవుతుంది. మన హక్కుల కమిషన్లు, కమిటీలు మొదటి దారే ఎందుకు పట్టినయ్ అన్నది మా ప్రశ్న. కమిషన్లు వద్దని మేము అనడం లేదు. దళితులు కొట్లాడి సాధించుకున్న వాటిని ఉత్త కుర్చీలుగా మార్చనియ్యొద్దని అంటున్నం.

కమిషన్ మీద కమిషన్

1985 జూలై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. ఈ రెండింటి నడుమ 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1990 జనవరి 30 నుంచి అమలైంది. దాని నియమాలు 1995లో వచ్చినయ్. ఇవేవీ ప్రభుత్వాల దయతో రాలేదు. చుండూరు బాధితులైతే ప్రత్యేక కోర్టును నేరం జరిగిన ఊళ్లోనే పెట్టించుకున్నరు. 2007లో ఆ కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఫలితం సంగతి అట్లుంచితే, న్యాయం అడిగేవాడు న్యాయం ఉన్న చోటికి పోవుడు కాదు, నేరం జరిగిన చోటికే న్యాయం రావాలన్న ఆలోచన దళిత ఉద్యమానిది. ఈ ఆలోచనను పక్కన పెట్టుకొని పౌర హక్కుల దినాన్ని చూస్తే తేడా అర్థమవుతుంది. అక్కడ కోర్టు ఊళ్లోకి వచ్చింది. ఇక్కడ ఉపన్యాసం వాడలోకి వస్తోంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంటరానితనం మీద వేసిన జస్టిస్ పున్నయ్య కమిషన్ 2001లో నివేదిక ఇచ్చింది. ఆ కమిషన్ చేసిన మంచి పని ఒకటుంది. అంటరానితనం పోయిందనే ప్రభుత్వ భాషను పక్కకు నెట్టి, అది ఏయే రూపాల్లో బతికి ఉన్నదో రాసింది. దాని సిఫారసుల్లోంచి 2003లో ఎస్సీ, ఎస్టీ రాష్ట్ర కమిషన్ చట్టం వచ్చింది. తెలంగాణ వచ్చినంక 2018లో ఇక్కడ వేరే కమిషన్ ఏర్పడింది. అంటే కమిషన్ సిఫారసు మీద ఇంకో కమిషన్ పుట్టింది. ఈ కమిషన్ అధికారులను పిలిపించగలదు, కాగితాలు తెప్పించగలదు, సిఫారసు చెయ్యగలదు. శిక్ష వెయ్యలేదు. మానవ హక్కుల కమిషన్ సంగతి ఇంకా చిత్రం. 2022 డిసెంబరులో చైర్మన్ పదవీకాలం ముగిస్తే కొత్త చైర్మన్ 2025 ఏప్రిల్‌లో గానీ రాలేదు. రెండేండ్లకు పైగా ఆ కుర్చీ ఖాళీ. అది ఖాళీగా ఉన్నంత కాలం హక్కుల ఉల్లంఘన కూడా ఆగి ఉంటుందా?

కొత్త జిల్లాలు, పాత కథ

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లాను చీల్చినప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డయ్. 2019లో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది. పరిపాలన దగ్గరైతది, కలెక్టరు దగ్గరైతడు అని చెప్పిన్రు. నిజమే, దగ్గరయ్యిండు. ఇంతకు ముందు హన్మకొండకు పోయి దరఖాస్తు ఇచ్చి వచ్చేసరికి ఒక రోజు కూలి, బస్సు కిరాయి పోయేది. ఇప్పుడు ఆ ఖర్చు తగ్గింది. దూరం తగ్గింది గానీ న్యాయం దగ్గరైందా అన్నది వేరే లెక్క.

1995 నియమాల్లో 17వది జిల్లా స్థాయి విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ గురించి చెప్తుంది. కలెక్టరు అధ్యక్షుడు. ఎస్పీ, ఎంపీ, ఎమ్మెల్యేలు, ఎస్సీ ఎస్టీ అధికారులు ముగ్గురు, ఆ వర్గాల నుంచి అనధికార సభ్యులు ఐదుగురి దాకా, స్వచ్ఛంద సంస్థల వాళ్లు ముగ్గురి దాకా ఉండాలి. మూడు నెలలకు ఒక్కసారైనా కూర్చోవాలి. కేసులు ఎట్లున్నయ్, పరిహారం అందిందా, పునరావాసం జరిగిందా, ఏ అధికారి ఏ పని చేసిండు అని సమీక్షించాలి. రాష్ట్ర స్థాయిలో ముఖ్యమంత్రి అధ్యక్షతన ఏడాదికి రెండుసార్లు సమావేశం కావాలి. జిల్లాకు, పట్టణానికి వేరే హక్కుల కమిషన్ లేదు గనుక చట్టరీత్యా మనకున్న హక్కుల సంస్థ ఈ కమిటీయే. ఒక జిల్లా ఆరైందంటే ఒక కమిటీ ఆరైనట్టు. ఏడాదికి నాలుగు సమావేశాలు ఇరవై నాలుగు కావాలె. మన సంఘాల్లో ఎంతమంది వీటి తీర్మానాల కాగితం కళ్ల చూసిన్రు?

ఈ మూడు జిల్లాలను ఒకే గాటన కట్టడం కూడా తప్పే. జనగామ ప్రాంతం సాయుధ పోరాటం పుట్టిన చోటు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య చనిపోయిండు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ దేశ్‌ముఖ్ మీద నిలబడి తన పంటను దక్కించుకుంది. ఆ చరిత్ర మనది. అయితే ఇయ్యాల ఆ చరిత్రనే అడ్డం పెట్టి, “ఇది పోరాటాల గడ్డ, మా దగ్గర అట్లాంటివి ఉండయ్” అంటరు. గడీ కూలిందని కులం కూలిందని అనుకోవడం ఈ ప్రాంతపు పెద్ద భ్రమ. దొర వెట్టి పోయింది గానీ చావు డప్పు, చచ్చిన గొడ్డు, ఊరి చాకిరీ ఎవరి వంతు అన్నది పోరాటం తేల్చకుండానే వదిలిన ప్రశ్న.

మహబూబాబాద్‌లో తండాలు ఎక్కువ. 2018 చట్టం తర్వాత ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలైనయ్. కొత్తగూడ, గంగారం వంటి చోట్ల ఏజెన్సీ భూమి ప్రశ్న ఉన్నది, 1/70 ఉన్నది. అత్యాచారాల చట్టం ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడాన్నీ నేరమే అంటుంది. ఆ ఫిర్యాదు వస్తే “ఇది రెవెన్యూ తగాదా” అని తహసీలు ఆఫీసుకు పంపుతరు, అక్కడ “ఇది పోలీసు కేసు” అంటరు. మనిషి నడుమ తిరుగుతనే ఉంటడు. భూపాలపల్లి బొగ్గు బావుల పట్టణం. గనికి భూమి ఇచ్చిన కుటుంబం, గనిలో కాంట్రాక్టు కూలి, అడవి అంచు కోయగూడెం, వీళ్ల సమస్యలకు సామూహిక భోజనం సమాధానం కాదు. మూడు చోట్లా ఒకే బ్యానరు కట్టి ఒకే ఉపన్యాసం ఇచ్చే కార్యక్రమం ఏ ఒక్క చోటి సమస్యనూ చూడలేదన్నట్టే.

పట్టణంలో కులం కనపడదంటరు

ఊరు వదిలి పట్టణానికి వస్తే కులం వదులుతుందని ఆశపడ్డ తరం మనది. జనగామలోనో మానుకోటలోనో ఇల్లు కిరాయికి అడిగి చూడండి. కిరాయి ఎంతో చెప్పకముందు “మీరేమోళ్లు?” అని వస్తుంది. పేరు చెప్పితే చాలదు, ఇంటిపేరు కావాలె, ఊరు కావాలె. ఆఖరుకు “మా బిడ్డ వస్తున్నది, ఇల్లు ఇయ్యం” అంటరు. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతి పోయిందని చెప్పేవాళ్లు కొన్ని చోట్ల స్టీలు గ్లాసు ఎవరికి, కాయిదం గ్లాసు ఎవరికి ఇస్తున్నరో కూడా చూడాలి. కాయిదం గ్లాసును శుభ్రత అంటే ఎవరు కాదంటరు? పాత అంటరానితనం ఆరోగ్యం పేరు పెట్టుకొని కూర్చుంటుంది.

1955 పౌర హక్కుల చట్టం 4వ సెక్షన్‌లో నివాసం విషయంలో అడ్డంకి పెట్టడం కూడా ఉన్నది. 12వ సెక్షన్ ప్రకారం, బాధితుడు ఎస్సీ అయితే ఆ పని అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు అనుకోవాలి. కాదని రుజువు చేసుకోవాల్సింది నిందితుడు. ఇంత బలమైన సెక్షన్ ఉండగా ఇల్లు ఇయ్యనన్న దాని మీద మన పట్టణాల్లో కేసు నడిచిన సంగతి మీకెవరికైనా తెలుసా? తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు చెప్పింది: యువత, మహిళలు, వృద్ధులు, ప్రముఖ పౌరులు. అంటరానితనాన్ని చూసే కమిటీ ఆ నాలుగింటిలో లేదు. పట్టణం తనలో కులం లేదని ముందే తీర్మానం చేసుకుంది.

మన వాళ్లు ఉద్యోగాలకు పోయిన సియాటిల్ నగరంలో 2023 ఫిబ్రవరి 21న నగర కౌన్సిల్ కులాన్ని వివక్షల జాబితాలో చేర్చింది. పనిలో, ఇల్లు కిరాయిలో, హోటల్లో కుల వివక్ష జరిగితే నగరపు పౌర హక్కుల ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వొచ్చు. అమెరికాను పొగడడం మా ఉద్దేశం కాదు. అక్కడి నల్లవాళ్లను అడిగితే ఆ దేశం కథ చెప్తరు. మేము చెప్పేది ఇంతే. అక్కడ ఒక పట్టణం కులం ఉందని ఒప్పుకొని ఫిర్యాదు పెట్టుకునే కిటికీ తెరిచింది. కులం పుట్టిన చోట చట్టం ఉన్నది, కిటికీ లేదు.

చట్టం బాధ్యత ఎవరి మీద పెట్టింది?

అత్యాచారాల చట్టం చదివితే ఒక సంగతి స్పష్టం. ‘అందరూ సామరస్యంగా ఉండండి’ అని అది ఎక్కడా అనదు. అధికారి ఏం చెయ్యాలో చెప్తుంది. 4వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీ కాని ప్రభుత్వోద్యోగి తన విధిని కావాలని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు. 2015 సవరణ ఆ విధులను ఒక్కొక్కటిగా రాసింది: ఫిర్యాదు రాసుకున్నంక చదివి వినిపించాలి, ఎఫ్.ఐ.ఆర్. నకలు వెంటనే ఇవ్వాలి, చార్జిషీటు అరవై రోజుల్లో వెయ్యాలి. సాంఘిక, ఆర్థిక బహిష్కారం పెట్టడం, పెండ్లి ఊరేగింపును అడ్డుకోవడం, శ్మశానం వాడుకోనియ్యకపోవడం నేరాలు. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ముందస్తు విచారణ షరతు పెడితే ఏప్రిల్ 2న దేశమంతా బంద్ చేసినం. ఆ ఏడాదే 18-ఏ సెక్షన్ వచ్చింది. ఎఫ్.ఐ.ఆర్.కు ముందస్తు విచారణ అక్కర్లేదు. పరిహారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8.25 లక్షల దాకా 2016 నియమాల్లో ఉన్నది.

పౌర హక్కుల దినం సభలో ఈ 4వ సెక్షన్ గురించి మాట్లాడిన ఎస్సైని మేము ఇంతవరకు వినలేదు. ఎందుకంటే అది తన మీదికి వచ్చే సెక్షన్. ‘అవగాహన’ అనే మాటకున్న రాజకీయం ఇదే. బాధ్యత అధికారి నెత్తి మీది నుంచి దిగి వాడ నెత్తి మీద కూర్చుంటుంది. రాజీ అనే మాట కూడా అంతే. పెద్దమనుషులు కూర్చొని పైసలు ఇప్పించి కేసు వాపసు తీయించుకుంటే దాన్ని శాంతి అంటరు. మరుసటి దినం నుంచి ఆ కుటుంబం అదే ఊళ్లో అదే దొరల పొలాల్లో కూలికి పోవాలె. ఆ శాంతి ఎవరిది?

మన వంతు తప్పు

ఇదంతా రాజ్యం మీద వేసి మేము చేతులు కడుక్కోం. అనధికార సభ్యత్వాన్ని మన సంఘాలు పదవిగా చూసినయ్. కమిటీలో కూర్చున్న మన నాయకుడు శాలువా కప్పించుకొని, చాయ్ తాగి, సంతకం చేసి వచ్చిన సందర్భాలున్నయ్. రాజీ నడుమ కూర్చున్న వాళ్లలో మనవాళ్లు లేరా? పరిశోధకులమైన మాకూ తప్పున్నది. శవం లేచినప్పుడే ఊరికి పోయి నిజ నిర్ధారణ చేసినం. ఇల్లు దొరకని టీచరమ్మ, కాయిదం గ్లాసు పట్టుకున్న కూలి మా వ్యాసాల్లోకి రాలేదు. చావు దాకా వచ్చిన హింసనే హింస అన్నం. ఆ చావు దాకా నడిపించిన రోజువారీ అవమానాన్ని వదిలేసినం.

అందుకని కమిటీని కొలిచే కొలబద్ద మార్చుకుందాం. ఎన్ని సభలు, ఎన్ని ఫొటోలు అన్నది దాని లెక్క. మన లెక్క వేరే. సభ వాడలో జరిగిందా, ఊరి నడిమిట్ల జరిగిందా? మూడు నెలలకోసారి తీర్మానాల నకలు మండలాఫీసు గోడకు అంటించిన్రా? 4వ సెక్షన్ కింద ఒక్క అధికారినైనా సంజాయిషీ అడిగిన్రా? ఆరు నెలల కింద ఫిర్యాదు ఇచ్చిన మనిషి ఇయ్యాల ఏ స్థితిలో ఉన్నడు? ఎఫ్.ఐ.ఆర్. అయిందా, మొదటి విడత పరిహారం అందిందా, కూలి దొరుకుతున్నదా? ఈ చివరి ప్రశ్నకు జవాబు కలెక్టరాఫీసు ఫైల్లో ఉండదు. ఆ ఇంటికి పోయి అడగాలె.

విద్యార్థి మిత్రులకు, టీచర్లకు మా విజ్ఞప్తి ఇదే. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది. పది రూపాయల దరఖాస్తుతో మీ జిల్లా కమిటీ గత నాలుగు సమావేశాల తీర్మానాలు అడగండి. వస్తే చదివి వాడలో వినిపించండి. సమావేశమే జరగలేదని రాసిస్తే ఆ కాగితమే మన సాక్ష్యం. వచ్చే నెలాఖరుకు తహసీల్దారు జీపు వాడ దిక్కు మళ్లినప్పుడు ఎదురుపోయి, “సారూ, సభ గుడి ముందట పెట్టండి, వినాల్సినోళ్లు అక్కడున్నరు” అని చెప్పండి. వాళ్లు ఆ మాట వింటరో వినరో, కాని రిజిస్టరులో సంతకం పెట్టే ముందు ఆ మాటను అందులో రాయించండి.