పులికాట్ తీరమున పక్షిదర్శనము

హైదరాబాదు బల్కంపేట వీధులలో కాకిని, పావురమును, గోరువంకను ఎరుగుటయే పక్షిజ్ఞానమని తలచు నగరవాసి, ఆశ్వయుజ కార్తీకములలో ఒక దినము సూళ్ళూరుపేటకు పోయి పులికాట్ గట్టున నిలిచెనేని, ఆ విద్య యెంత విశాలమో గ్రహింపగలడు. శ్రీహరికోట దీవి బంగాళాఖాతమున కడ్డముగా నిలువగా, దాని వెనుక పరచుకొన్న యీ ఉప్పునీటి సరస్సు ఈశాన్య ఋతుపవనములతో నిండు కాలమును, ఉత్తరాసియా నేలలు చలికి గడ్డకట్టు కాలమును ఒక్కటియే యగుటచే, అచ్చటి జలపక్షులు వేల మైళ్ళు దాటి యిచ్చటికి దిగును.

ఈ విద్యకు మొదటి పాఠము స్థిరత్వము. తెల్లవారుజామునే చేరి, సూర్యుడు వీపున నుండునట్లు నిలువవలెను. ఎదురెండలో ప్రతి పక్షియు నల్లని నీడగానే తోచును. ఎనిమిది రెట్లు పెంచి చూపు బైనాక్యులరు, నేలరంగు వస్త్రములు, ఒక చిన్న వ్రాతపుస్తకము ఉన్న చాలును. దూరప్రయాణమున కరిగిన కొవ్వును తిరిగి కూడబెట్టుకొను పక్షిని బెదరించి లేపుట, దాని ఆహారమును అపహరించుటయే.

శరత్తున వచ్చు ఉల్లంకి జాతులు వేసవి వన్నెలు వీడి బూడిదరంగున నుండును గనుక, రంగును విడిచి ముక్కును, కాళ్ళను, నడకను పరికింపవలెను. నల్లతోక గాడ్విట్టు తిన్నని పొడవు ముక్కును బురదలో దింపి, స్పర్శతోనే పురుగును కనుగొనును. కర్ల్యూ తన వంకర ముక్కుతో బొరియలలోని పీతను లాగును. ప్లవరు కొంత పరుగెత్తి, నిలిచి, కంటితో చూచి పొడుచును. ఫ్లెమింగో తల క్రిందుగా వంచి నీటిని వడగట్టి సూక్ష్మజీవులను గ్రహించును. ఒకే బురదనేల యిన్ని జాతుల నెట్లు పోషింపగలుగుచున్నదో యీ ముక్కులే తెలుపును.

మంద పెద్దదైనచో మొదట పది పక్షులను లెక్కించి, అవి ఆక్రమించిన చోటును కొలతగా గొని, ఆ కొలతను మందయంతటిపై పరచి సంఖ్యను నిర్ణయింతురు. చూచిన లక్షణములను, వేళను, నీటిలోతును అక్కడికక్కడే వ్రాసికొనిన పిమ్మటనే పక్షులను గుర్తించుటకైన గ్రంథమును తెరువవలెను. ముందే తెరచిన, కన్ను చూడనిదానిని కూడ చూచినట్లు భ్రమించును.

ఇట్లు చూచి వ్రాసియుంచు వాడుక మనకు క్రొత్త కాదు. 1840 దశకమున నెల్లూరున వైద్యుడుగా నుండిన జెర్డను, 1862–64 నడుమ వెలువడిన తన భారతపక్షి గ్రంథమున తెలుగు పేర్లను సైతము భద్రపరచెను. 1930 దశకారంభమున సాలిం అలీ హైదరాబాదు రాజ్యమంతట పక్షిసర్వేక్షణ జరిపెను. 1987 నుండి ప్రతి జనవరిలో సాగు ఆసియా జలపక్షి గణన, సామాన్య పౌరుల లెక్కలపైననే అధికముగా ఆధారపడుచున్నది. 20,000 జలపక్షులు క్రమముగా చేరు చిత్తడినేలను రాంసార్ ఒప్పందము అంతర్జాతీయ ప్రాముఖ్యము గలదానిగా గుర్తించును. అట్టి సంఖ్యకు సాక్ష్యము ఓపికతో నింపిన యీ పుస్తకములే.

కావున మన పిల్లలు చేరువనున్న హుస్సేన్‌సాగరు గట్టున కన్నును సాధనచేసి, పిదప పులికాట్‌కు పోవలెను. ఏటేట అదే చోట, అదే మాసమున, అదే పద్ధతిని లెక్కించి వ్రాసిన నాలుగు పంక్తులు, ఒక సరస్సు చెడిపోవుచున్నదన్న వార్తను సకాలమున మనకు తెలుపగలవు.