రెప్ప తిప్పి చూశారా?

విజయవాడ బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద నీడపట్టున పడుకున్న ఆవు కనబడితే, నా చూపు ముందు దాని చెవి లోపలికి పోతుంది, తర్వాత తోక మొదటికి. గోమార్లు గుత్తులుగా పట్టేది అక్కడే. నెత్తురు తాగి ఊరుకుంటే సగం పీడే. ఎర్ర రక్తకణం అంచున చుక్కలా కనిపించే అనాప్లాస్మా అనే క్రిమిని కూడా ఎక్కిస్తాయి. 1910లో దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ దీన్ని గుర్తించాడు.

చుక్క పడిన కణాల్ని పశువు ఒళ్లే పనికిరావని ఏరి విరిచేస్తుంది. అందుకే జ్వరం, నీరసం, పాలు పడిపోవడం. కంటి రెప్ప తిప్పితే ముందు తెల్లగా, ఆనక పసుపుగా ఉంటుంది. పేడ గట్టిపడుతుంది. మూత్రం మాత్రం ఎర్రబడదు. కాఫీ రంగులో పోస్తే అది బబీసియా, వేరే జబ్బు. ఏడాది లోపు దూడలు అనాప్లాస్మాను తట్టుకుంటాయి, మూడేళ్లు దాటిన పాడావే పడిపోతుంది. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరాలకు ఒంగోలు ఆవుకున్న ఓపిక లేదు.

గోమార్ల మందు పిచికారీ చేయించామని నిశ్చింతగా ఉండే రైతులతో నా పేచీ సావిడి గోడ దగ్గర. నెత్తురు తాగి ఉబ్బిన ఆడ గోమారి రాలిపోయి, ఆ గోడ పగుళ్లలో రెండు మూడు వేల గుడ్లు పెడుతుంది. పగుళ్లు పూడ్చకుండా ఆవుకే మందు కొడితే డబ్బు దండగ. ఒకే మందు ఏళ్ల తరబడి వాడితే గోమార్లు దానికీ అలవాటు పడతాయి.

సూది సంగతి ఇంకా ఘోరం. వీధిలో పశువులన్నిటికీ ఒకే సూదితో పొడిస్తే గోమారి అక్కర్లేదు, జోరీగ అక్కర్లేదు, రోగం మనమే పంచినట్టు. కొమ్ములు తీసే పనిముట్లూ అంతే. పశువుకో సూది! ఇంతకంటే చవకైన నివారణ నాకు తెలీదు. గోమార్లే పంచే మరో జబ్బు థైలేరియాకు రక్షావ్యాక్-టి టీకా ఉంది, అనాప్లాస్మాకు మన దగ్గర అలాంటిది లేదు. ఆక్సీటెట్రాసైక్లిన్‌తో కోలుకున్న ఆవు కూడా క్రిమిని ఒంట్లో మోస్తూనే ఉంటుంది. సంతలో కొన్న ఆవు ఎంత నిగనిగలాడినా, రక్తపరీక్ష అయ్యేదాకా విడిగా కట్టేయండి.

రెప్ప పాలిపోయిన ఆవును ఆసుపత్రికి నడిపించొద్దు. ఒంట్లో నెత్తురు చాలక దారిలోనే కూలిపోవచ్చు. డాక్టరునే సావిడికి పిలవండి. వచ్చేదాకా నీడన, నీళ్లు అందేలా ఉంచండి.