అక్షరాలు దిద్దించే పుస్తకాలు – ఒక పరిశీలన

మూడు నుండి ఐదేళ్ళ పిల్లల కోసం ఆంధ్రదేశంలో అచ్చయ్యే దిద్దుడు పుస్తకాలు ఇప్పుడు మన ఇళ్ళకు కూడా వస్తున్నాయి. యాత్రకు వెళ్ళినవారు తెస్తారు, చుట్టాలు పంపుతారు. మంచి కాగితం, రంగుల బొమ్మలు, చుక్కలతో వేసిన పెద్ద పెద్ద అక్షరాలు. అంత ప్రేమగా తెచ్చిన పుస్తకాన్ని తప్పుపట్టడానికి మనసు రాదు. అయినా సాయంకాలపు బడిలో ఏళ్ళ తరబడి పసివాళ్ళ చేత పలక పట్టించినవారము గనుక ఒక మాట చెప్పక తప్పదు. ఈ పుస్తకాలు అక్షరాన్ని దిద్దిస్తాయి గాని చూపించవు.

ఇవి వ్రాసినవారి కళ్ళముందు ఉన్నది ఆంధ్రదేశపు పిల్లవాడు. వాడు బస్సు మీద ఊరి పేరు చూస్తాడు, కిరాణా కొట్టు బోర్డు చూస్తాడు, సినిమా పోస్టరు చూస్తాడు. పుస్తకం తెరిచేనాటికి సగం అక్షరాలు వాడికి ముఖపరిచయమే. ఇక్కడ మారిషస్‌లో మన పిల్లవాడి వీధిలో ఉన్నవి ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలు. గల్ఫ్‌కు పోయిన కొత్త తెలుగువారి పిల్లలదీ ఇదే స్థితి. బహ్రెయిన్ రాజధాని మనామాలో జింజ్ అనే పేట ఉంది. అక్కడ పెరిగే తెలుగు బిడ్డకు దుకాణాల మీద అరబ్బీ, ఇంగ్లీషు కనిపిస్తాయి. ఒకటి కుడి నుండి ఎడమకు, రెండవది ఎడమ నుండి కుడికి. తెలుగు అక్షరం కనిపించేది ఆ పుస్తకంలోనే. అయితే ఒక భేదం ఉంది. జింజ్ పిల్లవాడు ఇంట్లో అమ్మ నోట తెలుగు వింటాడు. ఏనుగు బొమ్మ చూపితే "ఏనుగు" అంటాడు, ఏ అనే ధ్వని దానంతట అదే దొరుకుతుంది. మన పిల్లవాడు అదే బొమ్మ చూసి "లెలెఫాన్" అంటాడు. ఇల్లు చూపితే "లకాజ్" అంటాడు. ఇక ఏ ఎక్కడ, ఇ ఎక్కడ? బొమ్మ సాయం చేయకపోగా దారి తప్పిస్తుంది. ఒంటె జింజ్ వానికి పరిచయమే కావచ్చు, మన వానికి కాదు. ఓడ మాత్రం మనది! 19వ శతాబ్దంలో కొరంగి రేవు నుండి మన పెద్దలు వచ్చింది ఓడలోనే గదా. ఓ నేర్పేటప్పుడు ఆ కథ చెప్పండి, అక్షరం మరచిపోరు.

దిద్దడం మనకు కొత్త కాదు. పూర్వం వీధిబడిలో పంతులుగారు ఇసుకలో అక్షరం వ్రాసి, పిల్లవాడి వేలు పట్టి దాని మీద నడిపించేవారు. పళ్ళెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేయడం మనమూ విడిచిపెట్టలేదు. వేలు నడుస్తుండగా నోరు పలుకుతుంది. ఇటలీలో మరియా మాంటిస్సోరి గారు 1907లో ప్రారంభించిన శిశువిద్యాలయం నుండి వచ్చిన పద్ధతి కూడా ఇటువంటిదే. ఆమె గరుకు కాగితంతో చేసిన అక్షరాలను పిల్లల చేత వేలితో తడిమిస్తూ ధ్వని పలికించారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి, మన దేశపు ఉపాధ్యాయులకు స్వయంగా నేర్పారు. చుక్కల పుస్తకంలో ఈ రెండవ సగం, అంటే పలకడం, లేదు. పేజీ నిండా ఒకే ప. పిల్లవాడు ముప్ఫైసార్లు చుక్కలు కలుపుతాడు, తల్లి మురిసిపోతుంది. తరువాత ప, ఫ, ష మూడూ పక్కపక్కన పెట్టి "ప ఏదమ్మా?" అంటే తెల్లమొహం వేస్తాడు. మా తరగతిలో ఇది ఒక్కసారి జరిగింది కాదు.

మరొక లోపం. అక్షరం ఎక్కడ మొదలుపెట్టాలో బాణం గుర్తు చాలా పుస్తకాల్లో ఉండదు. తెలుగు అక్షరం గుండ్రనిది, ఎటునుండైనా చుట్టవచ్చు. అరబ్బీ కూడా నేర్చుకునే జింజ్ పిల్లవాడు కుడి నుండే మొదలుపెడితే ఆశ్చర్యం లేదు. చివరికి ఆకారం వచ్చినా వ్రాత కుదురదు, రెండవ తరగతిలో ఆ చేతిని తిప్పడం ఎంత కష్టమో ఉపాధ్యాయులకు తెలుసు.

అ నుండి ఱ వరకు వరుస తప్పకూడదని పెద్దలు కోపగిస్తారు. వరుసను పాటగా కంఠస్థం చేయించండి, మాకు అభ్యంతరం లేదు. చేతికి మాత్రం వేరే వరుస కావాలి. ముందు పిల్లవాడి పేరులోని మొదటి అక్షరం. తరువాత తలకట్టు లేని ట, జ, బ, ల కొన్నాళ్ళు. ఆపైన ద. దాని అడుగున చిన్న గీత వస్తే ధ, కడుపులో చుక్క కూడా పడితే థ. ఈ మూడూ ఒకే వారంలో పెట్టవద్దు. ఋ ఎదురుగా జటలు కట్టిన ఋషిని చూసి పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. ఌ, ౡ అడిగేవారు లేరు, బడికి పోయాక చూసుకోవచ్చు.

ఇంట్లో ఈ పుస్తకం ఉన్నవారు పారవేయనక్కరలేదు. పేజీకి మొదటి అక్షరం పక్కన ఎర్ర సిరాతో బాణం వేయండి. దిద్దేముందు ఆ అక్షరాన్ని అట్టముక్క మీద వ్రాసి తలుపుకు అంటించి, రోజుకు నాలుగుసార్లు పిల్లవాడి చేత పలికించండి. వాడంతట వాడు దాన్ని వేరే పేజీలో గుర్తుపట్టిన రోజున పెన్సిలు ఇవ్వండి.