బరువు, స్ప్రింగు, పరుగు

పరుగెత్తే మనిషిలోని కండరాలు, కీళ్లు అన్నీ పక్కనపెట్టి, ఒక బరువు, దాని కింద ఒక స్ప్రింగు అని గీసుకోవడం తొలిచూపుకు మొరటుపనిలా కనిపిస్తుంది. నా మటుకు, బలాల లెక్క కట్టేవారి నేర్పుకు అదే గీటురాయి. ఒకే వేగంతో పరుగెత్తే మనిషి అడుగడుగుకీ అదే ఎత్తుకు తిరిగొస్తాడు. కాబట్టి నేల పైకి తోసే బలం సగటున అతని బరువుకు సమానం కావాలి. అడుగు పట్టే సమయంలో మూడో వంతు గాలిలోనే గడిస్తే, మిగిలిన రెండు వంతుల్లోనే ఆ బాకీ అంతా తీరాలి. అంటే సగటున ఒకటిన్నర రెట్లు. బలం క్రమంగా పెరిగి తగ్గుతుంది కనుక దాని గరిష్ఠం దాదాపు 2.4 రెట్లు. 70 కిలోల మనిషి ఒంటికాలి మీద, క్షణకాలం, 165 కిలోల భారం! నేలలో అమర్చిన బలమాపక పలకలు చూపేదీ ఇంచుమించు ఇంతే.

కాలు స్ప్రింగు కాదు, అలసిపోతుంది, మడమ నేలను తాకినప్పటి తొలి అదురు ఈ నమూనాకు అందదు అంటారు. నిజమే. కానీ ఏది వదిలేయాలో తెలిసి వదలడమే ఇక్కడి పనితనం. 1970లలో హార్వర్డ్‌లో థామస్ మెక్‌మహన్, పీటర్ గ్రీన్ ఇలాంటి లెక్కతోనే ఇండోర్ ట్రాక్ ఎంత మెత్తగా ఉండాలో తేల్చారు. మరీ మెత్తనైతే పాదం నేలమీద ఎక్కువసేపు ఉండిపోయి వేగం తగ్గుతుంది. తగుమాత్రం సాగే నేల వేగాన్ని కాస్త పెంచుతుంది. 1977లో తయారైన ఆ ట్రాక్ మీద పరుగులు వేగం పుంజుకున్నాయి, గాయాలు తగ్గాయి.