బిళ్ళలో పట్టని సభ

1964 డిసెంబర్ 2న భారత తపాలా శాఖ 15 పైసల బిళ్ళ ఒకటి వెలువరించింది. దాని మీద పునీత తోమా ప్రతిమ ఉంది. ఆ రోజే ఆరో పౌలు పోపు బొంబాయిలో దిగారు. భారత గడ్డ మీద కాలుపెట్టిన మొదటి పోపు ఆయనే. నవంబర్ 28 నుంచి డిసెంబర్ 6 దాకా ఆ నగరంలో 38వ అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభ జరిగింది. దేశదేశాల బిషప్పులు వచ్చారు. రోమ్‌లో రెండో వాటికన్ మహాసభ మూడో విడత నవంబర్ 21నే ముగిసింది కాబట్టి, కొందరు ఒక సభ నుంచి లేచి నేరుగా ఇంకో సభకు వచ్చినట్టే. ఆతిథ్యం ఇచ్చింది బొంబాయి ఆర్చ్‌బిషప్ వలేరియన్ గ్రేషియస్, తొలి భారతీయ కార్డినల్. డిసెంబర్ 3న పోపు ఆరుగురిని బిషప్పులుగా అభిషేకించారు.

ఇంత సందడిలో పిసరంత కూడా బిళ్ళ మీదికి ఎక్కలేదు. ఉన్న ప్రతిమ కూడా తోమా సమాధి ఉందని చెప్పుకునే మైలాపూరుది కాదు. తోమా అవశేషాలు 1258లో చేరాయని చెప్పుకునే ఇటలీ పట్టణం ఓర్తోనాలోని కెథడ్రల్‌ది.

ఆ బిళ్ళ ఈ వారం సోలాపూర్ పూర్వభాగ్‌లో, ఒక పద్మశాలీల ఇంట పాత సేకరణ పుస్తకంలో బయటపడింది. బొంబాయి మిల్లులో పనిచేసిన బంధువు రాసిన ఉత్తరంతో వచ్చిందని ఇంటి పెద్దలకు గుర్తు. ఉత్తరం లేదు, కవరూ లేదు. ఎవరో నీళ్లలో నానబెట్టి, బిళ్ళను ఊడదీసి, జిగురుతో అంటించారు. కవరును నానబెట్టవద్దని ఈ కాలమ్ ఎన్నిసార్లు మొత్తుకుందో పాఠకులకు తెలుసు. బిళ్ళ మీద మొహం కాదు, జరిగిన పని కనిపించాలన్నది ఈ కాలమ్ రెండో పాత పట్టు. సోలాపూర్‌లో పుట్టి చైనాలో వైద్యసేవ చేసిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నిస్‌కు చైనా 1982లో, భారత్ 1993లో వేసిన బిళ్ళల సందర్భంలోనూ ఆ మాటే వచ్చింది.

వాటికన్ సొంత బిళ్ళలు ఆ పట్టుకు బలమిచ్చేలా కనిపిస్తాయి. 1545లో మొదలైన ట్రెంట్ మహాసభకు నాలుగు వందల ఏళ్లు నిండిన సందర్భంగా 1946లో వేసిన వరసలో ఎక్కువ భాగం వ్యక్తుల చిత్రాలే. సభను నడిపిన పోపు ప్రతినిధులు రెజినాల్డ్ పోల్, మార్చెల్లో చెర్వీని, జొవాన్ని దెల్ మోంతే అందులో ఉన్నారు. వాళ్లకు చోటు న్యాయమే. కానీ 1535లో తల నరికించుకున్న జాన్ ఫిషర్, 1540లో కన్నుమూసిన ఆంజెలా మెరీచి కూడా ఉన్నారు. సభ చూడని వాళ్లు సభ బిళ్ళలకెక్కారు. 1962లో రెండో వాటికన్ మహాసభకు ఎనిమిది బిళ్ళలు వచ్చాయి. రెండు వేలకు పైగా బిషప్పులు కూర్చున్న సభకు ఒక బిళ్ళలో పునీత పేతురు మందిరం నడిమి భాగం, ఇంకోదానిలో ఇరవై మూడో యోహాను పోపు. మినహాయింపు 1951 వరస. క్రీస్తు శకం 451 నాటి ఖల్కెదోను మహాసభకు వేసిన ఐదింటిలో మూడింటి మీద సభే ఉంది. మిగతా రెండింటి మీద లియో పోపు హూణుల రాజు అత్తిలాను ఎదుర్కొన్న ఘట్టం. అది సభకు మరుసటి ఏడాది సంగతి.

మొహాల మోజు వెనక కారణం పూర్వభాగ్‌లో తేలికగా అర్థమవుతుంది. సోలాపూర్ చద్దరు, గోడకు వేలాడే బొమ్మల గుడ్డ జకార్డ్ మగ్గం మీద తయారవుతాయి. బొమ్మను ముందు గడుల కాగితం మీద గీస్తారు. గడుల్ని బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఒక్కో అట్ట ఒక్కో పేక పోగుకు దారి చూపిస్తుంది. కాబట్టి బొమ్మ పొడవు పెంచాలంటే అట్టలు పెంచితే చాలు. వెడల్పు అలా కాదు. పడుగులో ఎన్ని పోగుల్ని విడివిడిగా లేపగలదో ఆ యంత్రానికి ముందే లెక్క ఉంది. ఆ లెక్కలో దేవుడి మొహమో నాయకుడి మొహమో వేస్తే కన్నూ ముక్కూ తీరుగా వస్తాయి. అదే కొలతలో వందమంది జనాన్ని వేస్తే ఒక్కొక్కరికి నాలుగు గడులు దక్కుతాయి. అప్పుడు జనం కనపడరు, మచ్చలు కనపడతాయి. అందుకే నేతగాడు ఊరేగింపు అడిగితే రథం నేస్తాడు, జనాన్ని వదిలేస్తాడు. బిళ్ళ అంతకంటే ఎంతో చిన్నది. ఖల్కెదోను బిళ్ళలో సభ ఉందంటే, పదిహేను వందల ఏళ్ల తర్వాత చిత్రకారుడు ఊహించి కొద్దిమందితో కూర్చిన సభ అది. నిజమైన సభను పట్టిన బిళ్ళ అదీ కాదు.

ఈ లెక్కలో తోమా బిళ్ళ మీద పెట్టుకున్న ఫిర్యాదు నిలవదు. సభను బొమ్మలో వెతకడమే పొరపాటు. అది తపాలా ముద్రలో ఉంటుంది. సభ జరిగిన ఊరు, సభ జరిగిన రోజు, ఆ రోజుల్లో మామూలు ఉత్తరానికి చాలిన 15 పైసలు: ఈ మూడూ ఒక కవరు మీద కలిసినప్పుడు, బిషప్పుల బొమ్మ ఒక్కటీ లేకపోయినా ఆ కాగితం బొంబాయి మహాసభకు సాక్ష్యం. మిల్లు కార్మికుడు సభకు పోయి ఉండనక్కర్లేదు. తపాలా పెట్టె దగ్గరికి పోయుంటే చాలు.

పూర్వభాగ్ బిళ్ళ మీద ముద్ర ఉంది, కానీ సగమే. తోమా భుజం మీదుగా నల్లటి వంపు, అందులో నెల, సంవత్సరం చదవవచ్చు: డిసెంబర్ 64. రోజు అంకె, ఊరి పేరు ముద్ర రెండో సగంలో ఉండేవి. ఆ సగం కవరు మీద పడింది.