గర్భశోకం ఎవరిది?

‘గర్భశోకం’ అనే మాట మీకు తెలిసిందే. ‘కడుపుకోత’ కూడా తెలుసు. ఈ రెండు మాటలనూ మనం ఎప్పుడు వాడతామో ఒకసారి గుర్తు చేసుకోండి. ఎదిగిన కొడుకు ప్రమాదంలో పోతే ఆ తల్లిది గర్భశోకం అంటాం. పెళ్ళి కావలసిన కూతురు జబ్బుతో పోతే కడుపుకోత అంటాం. మూడో నెలలోనో అయిదో నెలలోనో కడుపు పోయిన స్త్రీ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఈ మాటలు మన నోట రావు. రెండు మాటల్లోనూ కడుపు ఉంది. కడుపులోనే పోయిన బిడ్డ కోసం పడే దుఃఖానికి వాటిలో చోటు లేదు. ఈ వింతను ఆధారం చేసుకొని ఈ పాఠంలో కొన్ని రచనలను, కొంత వాడుకను పరిశీలిద్దాం. ఒక రచన గర్భనష్టాన్ని చెప్పినప్పుడు ఆ నష్టాన్ని ఎవరి ఖాతాలో రాసింది, తల్లి ఖాతాలోనా, వంశం ఖాతాలోనా అన్నది మన ప్రశ్న.

ముందు వాడుక. నా ఉదాహరణలు ఎక్కువగా హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపువి. బెంగళూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలు దారిలో వరుసగా వచ్చే ఈ మూడు ఊళ్ళు 2022 వరకు అనంతపురం జిల్లాలో ఉండేవి. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. కాంటాక్ట్ తరగతుల కోసం చాలా ఏళ్ళు ఆ దారిలో తిరిగాను. మీ ఊరి మాట వేరుగా ఉంటే మార్జిన్‌లో రాసుకోండి.

కడుపు రావడానికి తెలుగులో ముచ్చటైన మాటలున్నాయి. నెల తప్పింది, నీళ్ళు పోసుకుంది, ఒట్టి మనిషి కాదు. పోవడానికి ఉన్న మాటలు చూడండి. ‘ఆయమ్మకు నిలబల్లేదంట’, ‘కడుపు పోయిందంట’, ‘అబార్షన్ అయిందంట’. మూడింటి చివరా ‘అంట’ ఉంది. ఈ వార్త ఎప్పుడూ మూడో మనిషి నోటనే వినపడుతుంది. ‘నాకు పోయింది’ అని ఆమే చెప్పడం అరుదు. మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయట పెట్టకూడదన్న ఆచారం దీనికి ఒక కారణం. ఉన్నదని చెప్పని దాన్ని పోయిందని ఎట్లా చెబుతారు?

ఇంకొక మాట కూడా ఉంది. ‘పాపం, కడుపు పోగొట్టుకుంది’ అంటారు. సానుభూతితో అన్న మాటే. అయినా ‘పోయింది’కీ ‘పోగొట్టుకుంది’కీ ఉన్న తేడా వ్యాకరణం చదువుతున్న మీకు వేరే చెప్పనక్కరలేదు. పర్సు పోగొట్టుకున్నవాడు అజాగ్రత్తగా ఉన్నట్టే కదా. బిందె ఎత్తింది, మెట్లెక్కింది, గ్రహణం పూట బయటికి వచ్చింది అని తర్వాత వచ్చే మాటలన్నీ ఆ క్రియలోనే దాక్కుని ఉన్నాయి. వైద్యశాస్త్రం చెప్పేది వేరు. నిర్ధారణ అయిన గర్భాలలో నూటికి పది నుంచి ఇరవై దాకా నిలవవు. తొలి నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి పిండంలోని క్రోమోజోముల లోపమే కారణం. మామూలు ఇంటిపని వల్ల గాని, గ్రహణం వల్ల గాని పోవు. ఇది సాహిత్య పాఠంలో ఎందుకంటారా? మన సినిమాలలో, సీరియళ్ళలో గర్భనష్టం చాలాసార్లు మెట్ల మీద నుంచి పడటంతోనో, ఎవరో తోసెయ్యడంతోనో జరుగుతుంది. కథకు కారణం కావాలి, దోషి కావాలి. దోషి దొరకని కథను రాయడం కష్టం. జీవితంలో ఎక్కువసార్లు జరిగేది మాత్రం ఆ దోషి లేని కథే.

ఇప్పుడు కావ్యాలకు వద్దాం. భారతంలో గాంధారి కథ మీకు తెలుసు. నూరుగురు కొడుకుల వరం పొంది గర్భం ధరించింది. ఎంతకీ కానుపు రాలేదు. కుంతికి కొడుకు పుట్టాడని విని, తట్టుకోలేక తన కడుపు తానే కొట్టుకుంది. మాంసపిండం బయటపడింది. తెలుగులో ఈ కథ నన్నయ ఆదిపర్వంలో ఉంది. దీన్ని సాధారణంగా అసూయకు ఉదాహరణగా చెబుతారు. నాకు ఆ వ్యాఖ్యానం ఎప్పుడూ నచ్చలేదు. సంస్కృత మూలంలో ఒక చిన్న వివరం ఉంది: ఆమె ఆ పని ధృతరాష్ట్రుడికి తెలియకుండా చేసింది. నెలలు గడుస్తున్నా కదలని కడుపును మోస్తూ, భర్తకు చెప్పుకోలేక ఒంటరిగా ఉన్న స్త్రీ అక్కడ కనిపిస్తుంది. ఆమెను ఒక్క క్షణం చూపించి కథ ముందుకు పోతుంది. వ్యాసుడు వస్తాడు, పిండాన్ని ముక్కలు చేయిస్తాడు, నేతి కుండలు తెప్పిస్తాడు. అక్కడి నుంచి అది సంతానం కథ. గాంధారి కథ కాదు.

భాగవతం దశమస్కంధంలో దేవకి ఏడో గర్భం సంగతి మరీ విచిత్రం. యోగమాయ ఆ గర్భాన్ని తీసుకుపోయి రోహిణి కడుపులో పెడుతుంది. దేవకికి కడుపు పోయిందని పురజనులు బాధపడతారు. పోతన కూడా ఆ మాట చెప్పాడు. ధర్మవరంలో ఒక ఆదివారం తరగతిలో ఈ ఘట్టం చెబుతున్నాను. వెనక వరుసలో ఒకావిడ, నలభై దాటి ఉంటాయి, మగ్గం పని చేసుకుంటూ డిగ్రీకి కట్టినావిడ, లేచి నిలబడి, ‘ఊరంతా బాధపడినారంటిరి గదా మేడమ్, దేవకమ్మ ఏమనిందో చెప్పలేదే?’ అని అడిగింది. తరగతిలో కొందరు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

ఆ ప్రశ్నను మించిన విమర్శ సూత్రం నాకు ఏ గ్రంథంలోనూ దొరకలేదు. ఆ ఘట్టంలో మాట్లాడేది ఊరు. బలరాముడు రోహిణి కడుపులో క్షేమంగా ఉన్నాడని చదువరికి తెలుసు, కాబట్టి చదువరికి దుఃఖం లేదు. ఊరికి జాలి ఉంది. దేవకి మాట మాత్రం లేదు. అయితే పోతనకు న్యాయం చెయ్యాలంటే అదే స్కంధం చివరి భాగం దాకా చదవాలి. ఎన్నో ఏళ్ళ తర్వాత, కృష్ణుడు గురువు కొడుకును మృత్యువు నుంచి తెచ్చాడని విని, కంసుడు చంపిన తన ఆరుగురు బిడ్డలను ఒక్కసారి చూపించమని దేవకి అడుగుతుంది. వాళ్ళు వస్తారు. ఒళ్ళో పెట్టుకుని పాలిస్తుంది. వాళ్ళు వెళ్ళిపోతారు. కృష్ణుడంతటి కొడుకు ఎదురుగా ఉండగా కూడా ఆ ఆరుగురినీ మరచిపోలేదన్నమాట. ‘మళ్ళీ పుడతారులే’ అని ఓదార్చేవాళ్ళు చదవవలసిన ఘట్టం ఇది.

మన వాదానికి ఎదురు నిలిచే ఉదాహరణ కూడా ఒకటి ఉంది. దాన్ని దాచిపెడితే విమర్శ కాదు. అది ఉత్తర కథ. అశ్వత్థామ అస్త్రం వల్ల ఆమెకు ప్రాణం లేని బిడ్డ పుడతాడు. అశ్వమేధపర్వంలో ఉత్తర నిజంగానే మాట్లాడుతుంది. చనిపోయిన పసివాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, వాడితోనే మాట్లాడుతుంది. నీ తండ్రి దగ్గరికి పోతున్నావు కదా, నా మాటగా ఇది చెప్పు అంటుంది. అభిమన్యుడి చావునూ బిడ్డ చావునూ ఒకే మాటలో కలిపిన తల్లి ఆమె. పక్కనే కుంతి ఉంది. ఆమె కృష్ణుణ్ణి వేడుకునే తీరు వేరు. పాండురాజుకు పిండం పెట్టేవాడు వీడొక్కడే అంటుంది. ఒకే పసివాడు, ఒకే గది, రెండు దుఃఖాలు. ఒకటి బిడ్డ కోసం, ఒకటి వంశం కోసం. కృష్ణుడు బతికించాక వాడికి పెట్టిన పేరు చూడండి. వంశం పరిక్షీణమైన వేళ పుట్టాడు కాబట్టి పరీక్షిత్తు అని భారతం అర్థం చెబుతుంది. కుంతి దుఃఖం పేరుగా మిగిలింది. ఉత్తర మాట్లాడిన మాటలు ఎంతమందికి గుర్తున్నాయి? తెలుగులో ఈ పర్వం తిక్కనది. స్టడీ సెంటర్ గ్రంథాలయంలో దొరికితే ఈ ఘట్టాన్ని స్వయంగా చదవండి.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఊళ్ళలోకి వద్దాం. బిడ్డలు నిలవని ఇంట్లో తర్వాత పుట్టిన బిడ్డను పెంట మీద పొర్లించి పెంటయ్య అనో పెంటమ్మ అనో, ఎంగిలి విస్తరిలో పెట్టి తీసి పుల్లయ్య అనో పుల్లమ్మ అనో, బిచ్చమెత్తినట్టు చేసి బిచ్చమ్మ అనో పేరు పెట్టడం తెలుగునాట అంతటా ఉన్న ఆచారం. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకుని మృత్యువు వదిలేస్తుందని నమ్మకం. కర్ణాటకను ఆనుకుని ఉన్న హిందూపురం వైపు తిప్పన్న, తిప్పమ్మ, తిప్పేస్వామి అనే పేర్లు వింటాం. కన్నడంలో ‘తిప్పె’ అంటే పెంటకుప్ప. వీటిలో నాయకనహట్టి తిప్పేరుద్రస్వామి మొక్కుబడితో వచ్చినవీ ఉన్నాయి కాబట్టి ప్రతి తిప్పమ్మ వెనకా ఒక చావు ఉందనుకోకూడదు. అయినా ఓటర్ల జాబితాలో ఒక పెంటమ్మ పేరు కనబడితే, ఆమె కంటే ముందు పేరు లేకుండా పోయినవాళ్ళు ఉండి ఉంటారని సాహిత్య విద్యార్థి గుర్తుపట్టాలి. పోయిన బిడ్డకు పేరు లేదు. ఆ తల్లి దుఃఖం బతికిన బిడ్డ పేరులో, అదీ ఎగతాళిలా వినపడే పేరులో, నమోదైంది. అట్లాగే ఊరి బయట రావి, వేప చెట్ల కింద నాగుల కట్ట మీద జంట పాముల రాళ్ళుంటాయి. సంతానం కోసం, కడుపు నిలవడం కోసం ప్రతిష్ఠ చేయించినవి. పసుపు, కుంకుమ తప్ప వాటి మీద ఏమీ రాసి ఉండదు. శాసనాలు చదవడం మనకు నేర్పారు. ఈ రాళ్ళను చదవడం ఎవరూ నేర్పలేదు.

శాస్త్రం, చట్టం ఈ విషయంలో కావ్యం కంటే సూటిగా మాట్లాడాయి. మనుస్మృతి అయిదో అధ్యాయం గర్భస్రావమైన స్త్రీకి ఎన్ని నెలల కడుపో అన్ని రాత్రులు మైల అంటుంది. లెక్క ఉంది, కాని అది మైల లెక్క. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం తొమ్మిదో సెక్షన్ గర్భస్రావమైన ఉద్యోగినికి ఆరు వారాలు జీతంతో సెలవు ఇచ్చింది. ఇరవై ఆరో వారం వరకు పోయిన గర్భానికి అది వర్తిస్తుందని కూడా నిర్వచించింది. ఫ్యాక్టరీకి, పదిమందికి తగ్గకుండా పనిచేసే దుకాణానికి సరే. ధర్మవరంలో ఇంటి లోపల గుంట మగ్గం మీద, చీరకు ఇంత అని కూలికి నేసే ఇంట్లో ఆ సెలవు ఎవరిస్తారు? భర్త నేస్తుంటే కండెలు చుట్టి ఇచ్చేది ఆమె. ఆమె పడుకుంటే మగ్గం ఆగుతుంది. అందువల్ల ఆ ఇళ్ళలో ఈ దుఃఖానికి మాటే కాదు, వ్యవధి కూడా లేదు.

ఆధునిక కవిత్వంలో ఈ మౌనాన్ని మొదట గట్టిగా కదిలించినవాళ్ళు స్త్రీవాద కవయిత్రులు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన ‘నీలిమేఘాలు’ ఆ కవిత్వాన్ని ఒకచోట చేర్చింది. కొండేపూడి నిర్మల ‘లేబర్ రూమ్’ కానుపు గదిని కవిత్వంలోకి తెచ్చింది. పాటిబండ్ల రజని కవితకు ‘అబార్షన్ స్టేట్‌మెంట్’ అని పేరు. ఈ శీర్షికను కాసేపు పట్టి చూడండి. స్టేట్‌మెంట్ అనేది పోలీసుల ముందో, కోర్టులోనో, ఆసుపత్రిలోనో ఇచ్చేది. ఇచ్చినవాళ్ళు కింద సంతకం చేస్తారు. ‘అంట’తో నడిచే వార్తకూ ఇవ్వవలసిన మనిషే ఇచ్చే వాంగ్మూలానికీ మధ్య దూరం ఎంతో ఆ ఒక్క మాట చెబుతుంది.

అయినా ఒక వెలితి ఉంది. తెలుగులో ‘అబార్షన్ అయింది’ అంటే దానంతట అది పోయిందని, ‘చేయించుకుంది’ అంటే తీయించుకుందని అర్థం. పేరు ఒకటే, క్రియ ఒక్కటే వేరు. స్త్రీవాద కవిత్వం ‘చేయించారు’ అన్న దాని మీద బలంగా నిలబడింది. అక్కడ ఎదిరించడానికి భర్త ఉన్నాడు, కుటుంబం ఉంది, వ్యవస్థ ఉంది. ‘అయింది’ దగ్గర ఎదురుగా ఎవరూ లేరు. ధిక్కారానికి పనికిరాని దుఃఖం అది. ఆ గొంతు కవితగా రావాలంటే ధిక్కార కవిత్వం నేర్పిన ధైర్యం కావాలి, దాని స్వరం కాక వేరే స్వరం కావాలి. ఉత్తర ఒళ్ళోని పసివాడితో మాట్లాడిన స్వరం దానికి దగ్గరది అని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోతే కారణాలతో రాయండి, మార్కులు తగ్గవు.

అభ్యాసం: మీ ప్రాంతంలో గర్భం నిలవకపోవడాన్ని చెప్పే మాటలను అయిదింటికి తక్కువ కాకుండా సేకరించండి. ఒక్కొక్క మాటలో కర్త ఎవరు, క్రియ ఏది, చెబుతున్నది ఎవరు అన్నది రెండేసి వాక్యాల్లో వివరించండి. మాటలు చెప్పినవారి పేర్లు, ఊరు రాయవద్దు. ఎవరైనా తమ సంగతే చెప్పడం మొదలుపెడితే నోట్‌బుక్కు మూసేసి వినండి. అది అభ్యాసంలో భాగం కాదు.